వెనక్కి నడిచిన అధ్యక్షుడు

దున్నపోతు మీద వాన కురిసినట్టు అని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. అన్నవాళ్ళలో ఒక్కడైనా దున్నపోతుని అడిగాడా? అడగలేదు. నేను చెప్పబోయేది ఒక దున్నపోతు సంగతే. దాని మీద ఒక్క చినుకు పడితే చాలు, తలెత్తి ఆకాశానికి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే ఒళ్ళు దులుపుకునేది. మొత్తం విన్నాక సామెత ఉంచాలో తీసేయాలో మీరే చెప్పండి.

ఆఫ్రికాలో ఓ పెద్ద పచ్చికబయలు. ఆరు నెలలు గడ్డి, ఆరు నెలలు దుమ్ము. అక్కడక్కడా గొడుగు పట్టినట్టుండే తుమ్మచెట్లు. నడిమధ్యన ఒకే ఒక్క మడుగు. మడుగు అడుగున ఊట ఉంది. రోజుకింత అని ఊరుతుంది, అంతే. వరసలో నిలబడి ఎవరి వాటా వాళ్ళు తాగితే అందరికీ చాలుతుంది. ఎవడైనా ముందు దూరి కడుపు పగిలేలా తాగాడా, చివరివాళ్ళకి బురదే.

మన దున్న పేరు బోగో. వాడు పుట్టిన ఏడు వానల్లేవు. ఆ రోజుల్లో మడుగు సింహాల చేతిలో ఉండేది. నీళ్ళు తాగాలంటే మందకి నెలకో దూడ ఇచ్చుకోవాలి. బోగో తల్లి ఇవ్వనంది. సింహాలు ఆ తల్లిని అక్కడే పట్టుకున్నాయి. బెదిరిపోయిన దూడ గుడ్డిగా మడుగులోకి ఉరికి పొట్టదాకా బురదలో కూరుకుపోయింది. రెండు రోజులు అరిచింది. పెద్దపెద్ద కొమ్ములవాళ్ళంతా దూరం నుంచి చూసి "అయ్యో పాపం" అనుకుని వెళ్ళిపోయారు.

వచ్చిందెవరయ్యా అంటే, మొహం నిండా మొటిమలున్న అడవిపంది, వాండా. ఆమె, ఆమె అక్కచెల్లెళ్ళు కలిసి కోరలతో గట్టు తవ్వి, ఏటవాలుగా దారి చేసి, దూడని పైకి తోశారు.

"ఎవరి బిడ్డవురా?" అంది వాండా.

"మా అమ్మ బిడ్డని" అన్నాడు బోగో.

"మీ అమ్మ లేదు. ఇక ఈ బయలంతటికీ బిడ్డవి. నడు."

ఆ మాట వాడు మర్చిపోలేదు. మనలో చాలామందికి పాలిచ్చిన తల్లి మాటే గుర్తుండదు, వాడికి బురదలోంచి తోసిన పంది మాట గుర్తుంది.

పెరిగి పెద్దయ్యాక బోగో సింహాల ఎదురుగానే అడిగాడు: "నీళ్ళు ఎవడబ్బ సొత్తు?" ఆ ఒక్క ప్రశ్నకి వాణ్ణి నది అవతలికి తరిమేశారు. అయిదు వేసవులు ఒంటరిగా ముళ్ళు తిని బతికాడు. తిరిగొచ్చేటప్పుడు ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. కొమ్ములున్నవాళ్ళంతా భుజం భుజం కలిపి వలయంగా నిలబడాలి, కొమ్ములు బయటికి. కుందేళ్ళు, పందులు, లేళ్ళు, తాబేళ్ళు వలయం లోపల. ఉపాయం ఇంతే. సింహాలు మూడు రోజులు చుట్టూ తిరిగాయి. నాలుగో రోజు ఆకలికి ఆగలేక కొండల్లోకి పోయాయి.

ఇక పాలన ఎవరిది? దున్నల్లో తాతలనాటి పద్ధతి ఒకటుంది. మేతకి ఎటు వెళ్ళాలో తేలనప్పుడు ఒక్కొక్కటీ లేచి నిలబడి, తనకి నచ్చిన దిక్కుకి ముఖం తిప్పుతుంది. ఎటు ఎక్కువ ముఖాలు తిరిగితే మంద అటు. బోగో అన్నాడు, "మేతకి పనికొచ్చిన పద్ధతి పాలనకి పనికిరాదా? పోటీపడేవాళ్ళు ఒకరు తూర్పున తుమ్మచెట్టు కింద, ఒకరు పడమట తెల్లబండ పక్కన నిలబడండి. ఎవరు ఏ పక్క అన్నది వాళ్ళిష్టం. మిగతావాళ్ళు నచ్చినవాళ్ళ వైపు ముఖం తిప్పండి. తిప్పిన ముఖమే ఓటు."

తిప్పారు. బోగో అధ్యక్షుడయ్యాడు. అయిన రోజే తెల్లబండ మీద కొమ్ముతో రెండు గీతలు గీశాడు.

"మొదటి గీత, అధ్యక్షుడు అందరికంటే చివర నీళ్ళు తాగాలి. తనకి మిగిలిందంటే అందరికీ అందిందని లెక్క. రెండో గీత, ఎవడైనా సరే రెండు దఫాలే. మూడోసారి లేదు."

"మూడోసారి మేమే కావాలంటే?" అని ఎవరో అరిచారు.

"మీ నోరు మీ ఇష్టం, నా కాళ్ళు నా ఇష్టం" అన్నాడు. అందరూ నవ్వారు.

మొదటి దఫా ఎంత బాగా గడిచిందంటే, తాబేలు సైతం తీరిగ్గా తాగి, పుక్కిలించి మరీ వెళ్ళేది. రోజూ ఎండ తగ్గే వేళకి వరస చివర ఒక పెద్ద నల్లటి నీడ కనిపించేది. దాన్ని చూస్తే పిల్లలకి ధైర్యం.

ఇక వచ్చాడండీ ఫీసి. దుమ్ములగొండి. ఆ జాతికి నవ్వు పుట్టుకతో వస్తుంది, వీడికి కార్యదర్శి పదవి నవ్వుతో వచ్చింది. అధ్యక్షులవారు దగ్గితే "ఆహా", తుమ్మితే "ఓహో". దున్న ఈనిందంటే దూడని కట్టేయమనే రకం మన పక్కన ఉంటే మనకి హాయిగానే ఉంటుంది, కాదనను. బోగోకి కూడా హాయిగానే ఉంది. రెండో దఫా సగంలో మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి.

"అయ్యగారూ, ఈ మాడే ఎండలో తమరు వరస చివర నిలబడ్డమేమిటండీ? చూసేవాళ్ళు మా మొహాన ఉమ్మేయరూ?" అన్నాడు ఫీసి.

"మరి గీత గీశాను కదయ్యా."

"గీత ఎక్కడికీ పోదండి. తమరి బదులు నేను చివర నిలబడతాను. మడుగు సంగతి రోజూ మనవి చేసుకుంటాను. తమరి నీళ్ళు మావాళ్ళు నిప్పుకోడి గుడ్ల డొప్పల్లో ఇక్కడికే తెస్తారు."

మోకాలు సలిపింది. బోగో "సరేలే" అన్నాడు.

ఆ సరేలే ఉంది చూశారూ, కొంప ముంచింది అదే.

మర్నాటి నుంచి దుమ్ములగొండ్ల మంద అందరికంటే ముందు మడుగులో దిగేది. ఎవరైనా అడిగితే, "అధ్యక్షులవారి నీళ్ళు! డొప్పలు నింపాలి, తప్పుకోండి!" డొప్పలు ఇరవై, తాగేది మంద మొత్తం, ఆపైన జలకాలాట. సాయంత్రం ఫీసి వెళ్ళి చేతులు కట్టుకుని, "చివర తాగాను అయ్యగారూ. ఇంకా మోకాలు లోతు మిగిలింది. అంతా తమరి చలవ" అనేవాడు. అధ్యక్షుడు తుమ్మచెట్టు నీడలో తృప్తిగా తల ఊపేవాడు.

ఆ వేసవి బాగా ముదిరింది. రెండో దఫా అయిపోవచ్చింది. ఫీసి అసలు సంగతి కదిపాడు.

"అయ్యగారూ, జనం ఏడుస్తున్నారండి. తమరు దిగిపోతే కొండల్లోంచి సింహాలు దిగుతాయట."

"సింహాలా?" బోగో చెవులు నిక్కాయి. తల్లి గుర్తొచ్చింది. భయం ఉన్నచోట బుద్ధి కాస్త పక్కకి తప్పుకుంటుంది.

"గీత చెరపమనడం లేదు. ఓటు పెడదాం. జనం వద్దంటే వద్దు, కావాలంటే తమరు కాదనకూడదు. అటువైపు ఆ జీబ్రా మిలియా నిలబడుతుందట. ఎప్పుడూ సభలో తమరికి ఎదురు చెప్పే నోరుగల పిల్ల."

"సరేలే" అన్నాడు బోగో, రెండోసారి.

ఓటు ఎప్పుడూ తెల్లవారుజామున, గాలి లేని వేళ పెట్టేవాళ్ళు. ఈసారి ఫీసి "దూరం నుంచి వచ్చేవాళ్ళ సౌకర్యార్థం" అని చెప్పి మిట్టమధ్యాహ్నానికి మార్చాడు. సౌకర్యార్థం అన్న మాట వినిపిస్తే జేబు తడుముకోవాలని మా తాత అనేవాడు. ఆ జంతువులకి పాపం జేబులు లేవు.

ఓటుకి ముందురోజు పొద్దున్న బోగో ఒళ్ళు రుద్దుకోవడానికి పుట్ట దగ్గరికి వెళ్ళాడు. నేలలోంచి గొంతు వినిపించింది.

"ఒరే బోగో."

చూస్తే కొత్తగా తవ్విన బొరియ. బొరియలోంచి మొటిమల మొహం.

"వాండా అవ్వా! ఇక్కడేం చేస్తున్నావు? ఇంటికి రావచ్చుగా?"

"వచ్చాను. నాలుగుసార్లు. నీ వాకిట్లో దుమ్ములగొండ్లు అపాయింట్‌మెంట్ ఉందా అన్నాయి. నిన్ను బురదలోంచి తోసిన రోజు నేను నిన్నది అడిగానట్రా?"

బోగో తల దించుకున్నాడు. "తప్పేనవ్వా. ఏం కావాలి చెప్పు. మడుగులో మోకాలు లోతు నీళ్ళున్నాయి కదా, అందరూ బాగానే..."

"ఎవరి మోకాలు? చీమ మోకాలా?"

 ఎంత చెప్పినా వాడు నమ్మేవాడు కాదని అవ్వకి తెలుసు. "ఈ పూట నువ్వే వెళ్ళి చివర నిలబడు. ఎవరికీ చెప్పకు" అంది.

ఆ పూట ఫీసి మంద తాగి, స్నానాలు కానిచ్చి, రేపటి ఏర్పాట్లకని వెళ్ళిపోయింది. ఆ తర్వాత బోగో నెమ్మదిగా వచ్చి వరస చివర నిలబడ్డాడు. ముందున్న లేడి వెనక్కి చూసి తన కళ్ళని తనే నమ్మలేదు. వరస కదిలింది. వాడి వంతు వచ్చేసరికి మడుగులో నీళ్ళు లేవు, బురద ఉంది. వాండా మునిమనవరాలు, బెత్తెడు పందిపిల్ల, ఆ బురదలో ముట్టె పెట్టి నాకుతోంది. నాకి నాకి, తలెత్తి బోగోని చూసి, కాస్త పక్కకి జరిగి, "నువ్వు కూడా నాకు పెద్దయ్యా, ఇక్కడ కొంచెం తడి ఉంది" అంది.

అదే బురద. తను రెండు రోజులు అరిచిన చోటే.

బోగో అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. అంత పెద్ద ఒళ్ళూ ఊగిపోయింది.

"ఏడవకు, నీళ్ళు దండగ" అంది వాండా, వెనకనుంచి వచ్చి.

"అవ్వా, నేను సింహాలని తరిమాను గానీ వాటి పనిని నా పేరు మీదే చేయనిచ్చాను. ఇప్పుడే వెళ్ళి నిలబడనని చెప్పేస్తాను. వాణ్ణి కొమ్ములతో ఎత్తి..."

"ఆగు. నువ్వు తప్పుకుంటే వాడు ఇంకో మెతకవాణ్ణి తుమ్మచెట్టు కింద నిలబెడతాడు. మధ్యాహ్నం ఇక్కడ గాలి ఎటునుంచి వీస్తుంది?"

"పడమటి నుంచి. కళ్ళు తెరవనివ్వదు, ఒకటే దుమ్ము."

"దుమ్ము కొడితే నువ్వేం చేస్తావు?"

"గాలికి వీపు పెడతాను. ఎవరైనా అంతేగా."

"వీపు పడమటికి పెడితే ముఖం ఎటుంటుంది నాయనా?"

బోగోకి అర్థమైంది. తూర్పున, తుమ్మచెట్టు కింద, తన వైపు.

"వాడి గాలి వాడికే తగలనీ" అంది అవ్వ. "ఇంకో మాట. మేం పందులం బొరియలోకి ఎలా దిగుతామో ఎప్పుడైనా చూశావా?"

"వెనక్కి నడిచి."

"ఎందుకని?"

"ముఖం బయటికి ఉండాలని."

"ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా అలాగే వెళ్ళాలి, పెద్దయ్యా" అంది. అవ్వ వాణ్ణి పెద్దయ్యా అనడం అదే మొదటిసారి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బయలంతా నిండిపోయింది. తూర్పున తుమ్మచెట్టు కింద బోగో, పడమట తెల్లబండ పక్కన మిలియా. నడుమ పుట్ట ఎక్కి ఫీసి. అనుకున్న వేళకి గాలి లేచింది. దుమ్ము ఎర్రటి తెరలా కమ్మేసింది. పక్కవాడి తోక ఎక్కడుందో తెలీదు.

ఆ దుమ్ములోనే బోగో గబగబా నడిచి తెల్లబండ దగ్గరికి వెళ్ళాడు.

"మిలియమ్మా, నువ్వు తుమ్మచెట్టు కిందికి వెళ్ళి నిలబడు."

"ఎందుకు పెద్దయ్యా?"

"ప్రతిదానికీ ఎందుకంటావు కాబట్టే నువ్వంటే నాకు ఇష్టం. ఈ ఒక్కసారి ముందు వెళ్ళి, తర్వాత అడుగు."

మిలియా పరిగెత్తింది. పుట్ట మీద ఫీసి కళ్ళు గట్టిగా మూసుకుని గొంతెత్తాడు. "లేవండి! ముఖాలు తిప్పండి!"

ముఖాలు తిప్పడానికేముంది? గాలే తిప్పేసింది. దున్నలు, జిరాఫీలు, లేళ్ళు, కుందేళ్ళు, ఒక్కటి మిగలకుండా అన్నీ తూర్పుకే.

"ఫీసీ, దుమ్ము తగ్గనీ! మేం ఓటేయలేదు, వీపు కాచుకుంటున్నాం!" అని ఓ ముసలి జిరాఫీ అరిచింది.

"కుదరదు! గాలి సంగతి గీతల్లో లేదు. తిప్పిన ముఖమే ఓటు! తూర్పున ఉన్నవారే మన అధ్యక్షులు, ఇందులో మార్పు లేదు, ఇక ఎవరూ నోరెత్తడానికి వీల్లేదు! తూర్పు దిక్కు అధ్యక్షులవారికీ..."

"జై!" అన్నారు దుమ్ములగొండ్లు.

గాలి తగ్గింది. దుమ్ము దిగింది. ఫీసి కళ్ళు నులుముకుని తూర్పుకి తిరిగి, వంగి దణ్ణం పెట్టాడు. తలెత్తి చూస్తే చారలు.

"నీ దణ్ణం అందింది" అంది మిలియా.

బయలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. పుట్టుకతో నవ్వే జాతి ఒక్కటే ఆ పూట నవ్వలేదు.

"ఇది... ఇది చెల్లదు! మళ్ళీ పెట్టాలి!" అన్నాడు ఫీసి.

"నోరెత్తడానికి వీల్లేదన్నావుగా?" అంది జిరాఫీ.

కానీ మిలియా చెట్టు నీడలోంచి బయటికొచ్చింది. "ఫీసి చెప్పింది నిజమే. మళ్ళీ పెట్టాల్సిందే. నాకు గాలి వేసిన ఓటు వద్దు. రేపు తెల్లవారి, గాలి లేనప్పుడు తిప్పండి. నా వైపు ఒక్క ముఖమే తిరిగినా ఫరవాలేదు, అది తెలిసి తిరగాలి."

బోగో ఆమెని చూసి దీర్ఘంగా ఊపిరి వదిలాడు. ఇన్నాళ్ళూ ఎవరికి అప్పజెప్పాలా అన్న దిగులు ఆ ఊపిరితో పోయింది.

తెల్లవారింది. ఆకు కూడా కదలడం లేదు. మిలియా తూర్పున తుమ్మచెట్టు కిందే ఉంది. బోగో ఏ పక్కా నిలబడకుండా నడుమకొచ్చి నిలబడ్డాడు. వరస చివర తను రాకపోవడం, డొప్పల నీళ్ళు, బురద నాకిన పందిపిల్ల, ఏదీ దాచకుండా చెప్పాడు. "నా సరేలే వల్ల మీ నోళ్ళు ఎండాయి. క్షమించండి" అన్నాడు.

"ఆ పాపం ఫీసిది! మాకు మీరే కావాలి పెద్దయ్యా!" అని లేళ్ళు అరిచాయి. ఏనుగులు ఘీంకరించాయి. ఊరికే కాదు, మనస్ఫూర్తిగానే. వాళ్ళ దూడలు బతికింది ఆ కొమ్ముల వెనకే మరి.

"మీరు నాకేం బాకీ లేరు" అన్నాడు బోగో. "తల్లి చచ్చిన దూడని. పందులు బతికించాయి, మీరు పెద్దని చేశారు. నది అవతల ముళ్ళు తిన్నప్పుడు కూడా మీలో ఎవరో ఒకరు రోజూ ఇవతలి ఒడ్డున నిలబడి నా వైపు చూసేవాళ్ళు. నాకు కనిపించేది. ఆ చూపులతోనే బతికాను. ఇంతకంటే ఏం కావాలి? రెండు దఫాలన్నాను, రెండు అయ్యాయి. మాట నిలబెట్టుకోనివ్వండి."

అని, అందరికంటే ముందు తనే మిలియా వైపు ముఖం తిప్పాడు.

 తర్వాత వాండా తిప్పింది. తర్వాత జిరాఫీ. ఒక్కొక్క ముఖం, కళ్ళ నీళ్ళతో, మెల్లగా తూర్పుకి తిరిగింది. మిలియా దక్షత మీద నమ్మకంతో కొందరు, బోగో మీద ప్రేమతో కొందరు. తిప్పనివాళ్ళు కొందరున్నారు, వాళ్ళనెవరూ ఏమీ అనలేదు.

కొత్త అధ్యక్షురాలు మొదట పిలిచింది ఫీసినే.

"చివర నిలబడ్డం నీకు ఇష్టమన్నావుగా. ఇవాళ్టి నుంచి నువ్వూ నీ మందా వరసలో నాకు ఒక్క అడుగు ముందు. అందరూ తాగాక మీరు, మీ తర్వాత నేను. నువ్వు ఎంత మిగిల్చావో రోజూ నేనే చూసుకుంటాను, మనవి చేయక్కర్లేదు."

ఫీసి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆ రోజు బయల్లో తనకి చివరి పూట కాబట్టి మిలియా తన చోటిస్తే, కుంటుకుంటూ బోగో వరస చివర నిలబడ్డాడు. వరస ఎందుకో చాలా త్వరగా కదిలింది. వాడి వంతు వచ్చేసరికి, ఆ ముదురు వేసవిలో, మడుగులో మోకాలు లోతు నీళ్ళు! చీమ మోకాలు కాదు, దున్నపోతు మోకాలు. ప్రతివాళ్ళూ వాడి కోసం తలో గుక్క తక్కువ తాగారు. చెప్పుకోలేదు, అనుకోలేదు. పందిపిల్ల కూడా ఒక గుక్క మిగిల్చింది.

బోగో తాగాడు. తాగి, తలెత్తి ఆకాశానికి కాదు, ఆ వరసకి దణ్ణం పెట్టాడు.

ఆ పైన బయలుదేరాడు. కొండ కింద తన జాతి మంద ఒకటి ఉంది, అక్కడికి. అయితే అందరిలా వెనుతిరిగి నడవలేదు. వెనక్కి నడిచాడు. అంత భారీ దున్నపోతు, మోకాళ్ళ నొప్పులతో, తోక ముందూ కొమ్ములు వెనకా, ఒక్కొక్క అడుగే తడుముకుంటూ. చెదపుట్టకి ఒకసారి తగిలాడు. పిల్లలు పకపకా నవ్వారు, వాడూ నవ్వాడు. ముఖం మాత్రం తిప్పలేదు. చుక్కంత అయ్యేదాకా ఆ నల్లటి ముఖం వాళ్ళ వైపే ఉంది.

"ఏంటవ్వా, పెద్దయ్య అలా వెళ్తున్నాడు?" అని అడిగింది పందిపిల్ల.

"ఈ బయల్లో తిప్పిన ముఖమే ఓటు కదే పిచ్చిదానా" అంది వాండా, కళ్ళు తుడుచుకుంటూ. "తన ఓటు మనకి వేసి పోతున్నాడు."

పీఠం ఎవడైనా ఎక్కుతాడు. జనం వైపు ముఖం పెట్టి దిగగలిగినవాడే పెద్ద.